బిషప్ గారికి ఉత్తరం రాశాను, ఇప్పుడు బోర్డులో తలెత్తలేకపోతున్నాను

నార్త్ కరోలినా నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఊరు, పేరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాను. ఆవిడ పుట్టి పెరిగింది డోర్నకల్ ప్రాంతంలో, సీఎస్ఐ కుటుంబంలో. పెళ్లయ్యాక అమెరికా వెళ్లి విన్‌స్టన్-సేలం దగ్గర్లో స్థిరపడ్డారు. ఇంటికి దగ్గరని ఒక క్రిస్మస్ రాత్రి మొరేవియన్ చర్చికి వెళ్లారు. ఐరోపాలో పుట్టిన ఒక పాత ప్రొటెస్టెంట్ సంఘం అది. బన్ను, కాఫీ అందించి, ఎర్ర కాగితం చుట్టిన కొవ్వొత్తులు చేతికిచ్చి, పిల్లల పేర్లు అడిగి తెలుసుకున్నారట. ఆ తర్వాతి ఆదివారం వెళ్తే ఆ పేర్లు గుర్తుపెట్టుకుని పలకరించారట. అప్పట్నుంచి అదే వాళ్ల సంఘం. రెండేళ్ల కిందట ఆవిడను చర్చి భవనాలు, డబ్బు చూసే ట్రస్టీల బోర్డుకి ఎన్నుకున్నారు.

ఇబ్బంది అక్కడే మొదలైంది. ఆదివారం ఆరాధనకి ముప్పై నలభై మందికి మించి రావడం లేదు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు. పైకప్పు కారుతోంది, బాగుచేయించే డబ్బు లేదు. పక్కనే ఉన్న మరో మొరేవియన్ సంఘంలో కలిసిపోయి, ఈ భవనం అమ్మేద్దామని బోర్డులో మాట మొదలైంది. ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఈవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాళ్లాయన సమాధి చర్చి వెనకే ఉంది. "నువ్వు బోర్డులో ఉన్నావు కదా, ఆపు" అంది. మీటింగ్‌లో ఈవిడ నోరు తెరవలేకపోయారు. ఆ రాత్రే బిషప్ గారికి పొడుగాటి మెయిల్ రాశారు: మీరు కలగజేసుకుని ఈ అమ్మకం ఆపించండి అని. ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మీ కోసం, మీ సంఘం కోసం ప్రార్థన చేస్తాను, పాలనా నిర్ణయాల్లో నాకు అధికారం లేదు, మీ పాస్టర్‌తో, బోర్డుతో మాట్లాడండి అన్నారు. ఈవిడ మనసాగక ఆ సంగతి ఒక స్నేహితురాలికి చెప్పారు. అది నోటానోటా పాకి బోర్డుకి చేరింది. పాస్టర్ గారు "నాతో ఒక్క మాట అని ఉండొచ్చుగా" అన్నారు. మిగతావాళ్లు ముభావంగా ఉంటున్నారు. ఇంట్లో భర్త మాట వేరు: "అది వాళ్ల తాతల చర్చి, మనం బయటివాళ్లం. రాజీనామా చేసి ఏదన్నా తెలుగు ఫెలోషిప్‌కి వెళ్దాం."

ఆవిడ అడిగినవి ఇవీ. బిషప్‌కే అధికారం లేకపోతే ఇంకెవరికి ఉంది? ఎవరి దగ్గరికి వెళ్లాలి? రాజీనామా చెయ్యనా? సంఘాల ప్రతినిధులు కూడే సినడ్ సభకి ఈసారి ప్రతినిధిగా వెళ్లమని కొందరు అంటున్నారు, వెళ్లనా?

అమ్మా,

మీరు ఆ మెయిల్ ఎందుకు రాశారో మన ఊళ్ల నుంచి వెళ్లిన ఎవరికైనా అర్థమవుతుంది. డోర్నకల్ పేరు చెబితే గుర్తొచ్చేది 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు. ఆయన కట్టించిన పెద్ద గుడి చూస్తూ పెరిగినవాళ్లకి బిషప్ అంటే ఆ డయాసిస్‌కి, అంటే ఆ ప్రాంతపు సంఘాలన్నిటికీ, పెద్దదిక్కు. పాస్టర్ బదిలీ కావాలన్నా, బడిలో టీచరు పోస్టు విషయమైనా, పాస్టరేట్ కమిటీలో గొడవైనా చివరికి ఒక అర్జీ పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కుతాం. మీరు కూడా అలవాటైన గుమ్మమే ఎక్కారు. ఆ సంఘంలో ఆ గుమ్మం వెనక మీరనుకున్న ఆఫీసు లేదు, అంతే. ఆయన తప్పించుకోలేదు, ఉన్న మాట చెప్పారు.

మొరేవియన్ సంఘంలో బిషప్‌ని సినడ్ ఎన్నుకుంటుంది. నామినేషన్లు ఉండవు, ప్రచారం ఉండదు, ప్రతినిధులు తమకు తోచిన పేరు రాసి ఓటు వేస్తారు. ఎన్నికైతే జీవితాంతం బిషపే. పాస్టర్లకి అభిషేకం చేస్తారు, వాళ్ల కష్టసుఖాలు వింటారు, సంఘం కోసం ప్రార్థిస్తారు. బిషప్ అయినంత మాత్రాన ఏ ఆస్తి మీదా, ఏ బదిలీ మీదా సంతకం చేసే అధికారం రాదు. 1998లో అమెరికా మొరేవియన్లలో ఉత్తరాది విభాగమైన నార్తర్న్ ప్రావిన్స్, కే వార్డ్ గారిని ఎన్నుకుంది. ప్రపంచం మొత్తమ్మీద మొరేవియన్లలో ఆవిడే తొలి మహిళా బిషప్. ఆవిడ ఎన్నికైంది కూడా ఈ ఆత్మీయమైన పనికే. కాబట్టి మీ బిషప్ గారు ప్రార్థన చేస్తానన్నది మర్యాద కోసం అన్న మాటగా తీసుకోకండి. అది ఆయన ఉద్యోగధర్మం.

మరి అధికారం ఎవరిది? మీరుండేది సదరన్ ప్రావిన్స్. దాని కార్యాలయం మీ విన్‌స్టన్-సేలంలోనే ఉంది. నార్తర్న్ ప్రావిన్స్‌కి పెన్సిల్వేనియాలోని బెత్లెహేము కేంద్రం. మీ ప్రావిన్స్‌లో అన్నిటికన్నా పైన ఉండేది సినడ్. సాధారణంగా నాలుగేళ్లకోసారి కూడుతుంది. పాస్టర్లతోపాటు ప్రతి సంఘం ఎన్నుకున్న మామూలు విశ్వాసులు కూడా ప్రతినిధులుగా కూర్చుంటారు. ఒక సినడ్‌కీ ఇంకో సినడ్‌కీ మధ్య పని నడపడానికి ఆ సినడే ఒక చిన్న మండలిని ఎన్నుకుంటుంది. ప్రొవిన్షియల్ ఎల్డర్స్ కాన్ఫరెన్స్ అంటారు, అందరూ పిలిచేది పీఈసీ అని. పాస్టర్లూ విశ్వాసులూ కలిసి ఉండే ఈ మండలికి ఒక ప్రెసిడెంటు ఉంటారు. పాస్టర్‌ని ఒక సంఘానికి పంపే పిలుపు పీఈసీ నుంచే వెళ్తుంది. మన దగ్గర బిషప్ గారి బల్ల మీద ఉండే ఫైళ్లలో చాలా భాగం అక్కడ ఈ మండలి ముందు ఉంటాయి. ఒక మనిషి కాదు, ఒక బల్ల చుట్టూ కూర్చున్న కొందరు. బిషప్‌ని పీఈసీకి ఎన్నుకోకూడదని లేదు, అయితే అప్పుడు కూడా ఆయన మాట విలువ ఒక సభ్యుడి మాట విలువే.

ఇలా ఎందుకు అల్లుకున్నారో తెలిస్తే మీ చిక్కు సగం విడిపోతుంది. 1741 దాకా వాళ్లకీ ఒక ప్రధాన పెద్ద ఉండేవాడు. లియొనార్డ్ డోబర్ అనే ఆయన ఈ బరువు నేను మొయ్యలేనని దిగిపోతానన్నాడు. లండన్‌లో కూడిన పెద్దలు ఆయన స్థానానికి ఎవరి పేరు అనుకున్నా మనసొప్పలేదు. ఒక్క మనిషి మీద అంత పెత్తనం, అంత బరువు పెట్టలేమని, ఇక మా ప్రధాన పెద్ద క్రీస్తేనని తీర్మానించారు. ఆ ఏడాది నవంబరు 13న సంఘాలన్నిటికీ ఆ సంగతి చదివి వినిపించారు. ఆ తేదీన ఇప్పటికీ పండుగ చేస్తారు, మీరూ కూర్చునే ఉంటారు. ఆ కుర్చీ అప్పట్నుంచి కావాలనే ఖాళీగా ఉంచారు. అందుకే మీరు పైకి చూసినప్పుడు ఆపమని ఆజ్ఞాపించే మనిషి కనబడలేదు.

ఇక మీ ఊరి సంఘం దగ్గరికి వద్దాం. ఆరాధన, సభ్యత్వం, ఆత్మీయ జీవితం చూసేది పెద్దల బోర్డు. భవనాలు, డబ్బు, భూమి చూసేది ట్రస్టీల బోర్డు. ఇది నిన్న మొన్నటి ఏర్పాటు కాదు. 1770ల్లో మీ సేలం ఊరు ఊరంతా సంఘం చేతిలో ఉన్నప్పుడే ఆత్మీయ సంగతులకి ఒక మండలి, ఇళ్లూ వ్యాపారాలూ లెక్కలకి మరో మండలి వేరువేరుగా కూర్చునేవి. ఈ రెండు బోర్డుల వెనక సంఘ సభ్యులు కూడే చర్చి కౌన్సిల్ ఉంటుంది. సంఘాన్ని కలిపేయడం, గుడి అమ్మడం లాంటి పెద్ద విషయాలు బోర్డు గదిలో మొదలవుతాయి గానీ అక్కడే ముగియవు. సాధారణంగా కౌన్సిల్ ముందుకు రావాలి, పీఈసీ సమ్మతి కావాలి. మీ సంఘం నియమావళిలో ఆ భాగం ఎలా రాసి ఉందో కార్యదర్శిని అడిగి కాపీ తీసుకోండి. కౌన్సిల్‌లో ఎవరికి ఓటు ఉంది, ఎంతమంది హాజరైతే సభ చెల్లుతుంది, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి అన్నవి ముఖ్యంగా చూడండి. ఇది చదవకుండా ఇంకెవరికీ మెయిల్ పెట్టకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడిగారు. భూమి, భవనం అంటే ట్రస్టీల పని. మీరు ట్రస్టీ. ఆ పెద్దావిడ ఏడుస్తూ మీ చెయ్యి పట్టుకున్నప్పుడు ఆవిడ సరైన ఆఫీసుకే వచ్చింది. ఆ మాట మీరు బోర్డు గదికి తీసుకెళ్లాల్సింది, బయటికి తీసుకెళ్లారు. మీ బోర్డు వాళ్లకి నొప్పి కలిగింది అందుకే అని నా నమ్మకం. మీ అభిప్రాయం వాళ్లకి నచ్చకపోవడం వేరే సంగతి. అసలు మీకు ఆ అభిప్రాయం ఉందనే అప్పటిదాకా వాళ్లకి తెలియదు.

పాస్టర్ గారిని ముందు కలవండి. మీటింగ్‌లో కాదు, విడిగా, ఓ అరగంట టైమ్ అడిగి. అక్కడ అలవాటు తెలియక, భయంతో అలా రాశానని చెప్పండి. వీలైతే ఆ మెయిల్, దానికి వచ్చిన జవాబు ఆయనకే చూపించండి. నోటానోటా పాకినప్పుడు మాటలు పెరుగుతాయి, ఆయన విన్నది మీరు రాసినదానికన్నా ఘోరంగా ఉండొచ్చు. ఇంకో సంగతి కూడా గమనించండి. రెండు సంఘాలు ఒకటైతే ఇద్దరు పాస్టర్లు అక్కర్లేదు. ఆయన ఇల్లు, పిల్లల బడి, జీతం అన్నీ ఆ విలీనంతో ముడిపడి ఉన్నాయి. మీరు బిషప్‌కి రాశారని తెలిసినప్పుడు ఆయన టెన్షన్ ఎంత ఉంటుందో ఊహించండి. "మీ పరిస్థితి ఏమవుతుంది?" అని ఒక్క ప్రశ్న మీ నోట వస్తే చాలావరకు మంచు కరుగుతుంది. వాళ్ల సంప్రదాయంలో ప్రభురాత్రి భోజనానికి ముందు ఒకరితో ఒకరు సమాధానపడటం పాత అలవాటు. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే వాళ్ల ఊళ్లో రోజూ కొట్టుకు చస్తున్న జనాన్ని నిలబెట్టింది అదే. మొదట మే నెలలో అందరూ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు, ఆగస్టు 13న కలిసి ప్రభు భోజనం తీసుకున్నారు. పాస్టర్ గారికి ఇది మీకన్నా బాగా తెలుసు. కాబట్టి మీరు చెయ్యి చాపితే ఆయన వెనక్కి తీసుకోరనే అనుకుంటున్నాను.

రాజీనామా మాట. చెయ్యొచ్చు, తప్పేమీ కాదు. ఇంట్లో రోజూ గొడవై మీకు నిద్ర పట్టని పరిస్థితి ఉంటే అది న్యాయమైన కారణమే. కానీ ఏం జరుగుతుందో చూసుకుని చెయ్యండి. మీ స్థానంలో ఇంకొకరు వస్తారు, ఆ పెద్దావిడ మాట విన్న ఒకే ఒక్క ట్రస్టీ బయటికి వెళ్లిపోతుంది. నోరు తెరవకుండా దిగిపోయానన్న బాధ మీకు ఇప్పటి ఇబ్బంది కన్నా ఎక్కువ కాలం ఉంటుందేమో, మీ ఉత్తరం చదివాక నాకైతే అలాగే అనిపించింది. మానేయాలనే ఉంటే కనీసం ఒక మీటింగ్‌లో మీ మాట చెప్పి మినిట్స్‌లో రాయించి, ఆ తర్వాత మానేయండి.

ఉండి, అమ్మకాన్ని ఆపడానికే పోరాడదామనుకుంటే అదీ ఒక దారే. అప్పుడు కన్నీళ్లతో పాటు లెక్కలు కూడా పట్టుకెళ్లాలి. పైకప్పుకి ఎంత, అది ఎక్కణ్నుంచి వస్తుంది, మరో అయిదేళ్లు గడవాలంటే ఏడాదికి కానుకలు ఎంత ఉండాలి, హాలు ఏదన్నా బడికో క్లినిక్‌కో అద్దెకివ్వొచ్చా. ఇవి లేకుండా ఆపితే ఏమవుతుంది? మీరు గెలుస్తారు, పైకప్పు మాత్రం అలాగే కారుతుంది. అయిదేళ్ల తర్వాత ఇరవైమందే మిగిలి, కలుపుకోవడానికి పక్క సంఘం కూడా వెనకాడే రోజు రావొచ్చు. అప్పుడు ఇప్పటికన్నా బలహీనంగా బేరమాడాలి.

మూడో దారి ఉంది, నా మనసు అటే మొగ్గుతోంది, దాపరికం దేనికి. విలీనం జరగాలా వద్దా అన్నది పక్కన పెట్టి, జరిగితే ఏ షరతుల మీద జరగాలో మీరు పట్టుకోండి. పెద్దావిడ అసలు భయం భవనం గురించా, సమాధుల తోట గురించా? అడిగి చూడండి. మొరేవియన్ల సమాధుల తోట ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా. నేల మీద పరిచినట్టు ఒకే కొలత రాళ్లు, ధనికుడికీ బీదకీ తేడా లేదు. కుటుంబాల వారీగా కూడా పెట్టరు, పెళ్లయిన మగవాళ్లు ఒక వరస, ఆడవాళ్లు ఒక వరస, పిల్లలు ఒక వరస. ఈస్టర్ ముందు రోజు ఇంటిల్లిపాదీ బకెట్లు, బ్రష్షులు పట్టుకుని వచ్చి రాళ్లు కడిగి పూలు పెడతారు. తెల్లవారే లోపల ఇత్తడి బూరలు మోగుతుంటే అక్కడే నిలబడి పునరుత్థానం పాడతారు. సేలంలో 1772 నుంచి ఇది జరుగుతోంది. పెద్దావిడకి ఈస్టర్ నాడు ఆ రాయి దగ్గర నిలబడగలనా, చనిపోయాక ఆ తోటలోనే నాకు చోటు దొరుకుతుందా అన్నదే గుండెలో ఉన్న ప్రశ్న కావొచ్చు. వాటికి జవాబు ఒప్పంద పత్రంలో రాయించవచ్చు: తోట అమ్మకంలో కలవదని, దాని నిర్వహణకి ఇంత సొమ్ము వేరుగా ఉంచాలని, దారి ఎప్పుడూ తెరిచే ఉండాలని. పాత రిజిస్టర్లు, చనిపోయినవాళ్ల కోసం చదివిన జీవిత కథల కాగితాలు విన్‌స్టన్-సేలంలోని మొరేవియన్ ఆర్కైవ్స్‌కి చేరాలని కూడా. కారు నడపలేని పెద్దవాళ్లని కొత్త గుడికి ఆదివారం ఎవరు తీసుకెళ్తారో పేర్లతో సహా రాయించండి. చాలా విలీనాలు దెబ్బతినేది ఇక్కడే. భవనం గురించి ఏడాది మాట్లాడతారు, పెద్దవాళ్ల ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడరు, ఆరు నెలల్లో వాళ్లు రావడం మానేస్తారు. ఈ దారిలో ఒక నష్టం ఉంది. మీరు అమ్మకానికి ఒప్పుకున్నారని పెద్దావిడ అనుకోవచ్చు. అది మీరే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చెప్పాలి, ఇంకెవరి నోటా ఆవిడకి తెలియకూడదు.

పీఈసీకి రాయొచ్చా అంటే, రాయొచ్చు. అయితే ఒంటరిగా, రాత్రిపూట, బోర్డుకి తెలియకుండా రాస్తే పాత కథే మళ్లీ. రెండు బోర్డులూ కలిసి కూర్చున్నప్పుడు "ఈ విషయంలో పీఈసీ నుంచి ఎవరినైనా పిలిచి మాట్లాడిద్దాం" అని ప్రతిపాదించండి. ఆ మాటని మినిట్స్‌లో రాయించండి. వద్దంటే, నేను విడిగా రాస్తున్నాను, కాపీ మీ అందరికీ పెడతాను అని చెప్పి రాయండి. అదే పని, అందరి ఎదుట చేస్తే ఫిర్యాదు అనిపించుకోదు.

సినడ్‌కి వెళ్లమంటున్నారు కదా, ఎన్నుకుంటే వెళ్లండి. కానీ మీ గుడి అమ్మకాన్ని అక్కడ తేల్చుకుందామని మాత్రం వెళ్లొద్దు. ఈలోపే ఇక్కడ కౌన్సిల్ ఓటు అయిపోవచ్చు. సినడ్ చేసేది వేరే. రాబోయే పీఈసీలో ఎవరుండాలో ఎన్నుకుంటుంది, చిన్న సంఘాలు మూతపడేటప్పుడు ఏ పద్ధతి పాటించాలో, ఆ సొమ్ము దేనికి వాడాలో తీర్మానం చెయ్యగలదు. మీలా ఈ కష్టం లోపల్నుంచి చూసిన ట్రస్టీ ఆ చర్చలో ఉండటం అవసరం. మీ సంఘం తరఫున ఒక తీర్మానం రాసి ముందే పంపించే వీలుంటుంది, పాస్టర్ గారితో సంధి కుదిరాక ఆయన సాయమే అడగండి.

ఇక మీవారి మాట. బయటివాళ్లం అన్నది ప్రేమతోనే అన్నారు, మీకు దెబ్బ తగలకూడదని. కానీ తాతల చర్చి అన్న మాట ఆ సంఘం చరిత్రకి సరిపోదు. 1722లో హెర్న్‌హూట్ కట్టినవాళ్లు ఇప్పటి చెక్ దేశంలో ఉన్న మొరేవియా నుంచి రాత్రికి రాత్రి పారిపోయి జర్మనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూమిలో తలదాచుకున్న శరణార్థులు. మీ కరోలినాకి వచ్చినవాళ్లు 1753 నవంబరులో పెన్సిల్వేనియా నుంచి ప్రయాణం చేసి బెతాబరాలో ఒక ఖాళీ గుడిసెలో మొదటి రాత్రి పడుకున్న కొద్దిమంది యువకులు. ఆ తర్వాత కూడా వంద సంవత్సరాలు అమెరికా సంఘాల పెద్ద నిర్ణయాలు జర్మనీలోనే జరిగేవి. 1857లో గానీ ఇక్కడి ప్రావిన్సులకి సొంత పాలన రాలేదు. ఈరోజు ప్రపంచంలో మొరేవియన్లు ఎక్కువమంది ఉన్నది ఆఫ్రికాలో, అందులోనూ టాంజానియాలో. మన దేశంలోనే లడఖ్‌లోని లేహ్‌లో 1885 నుంచి మొరేవియన్ సంఘం ఉంది. మీ తాతలు వాళ్లతో పాటు నడిచి రాలేదు, నిజమే. కానీ మిమ్మల్ని ట్రస్టీగా ఎన్నుకున్నది ఆ ఊరి తాతల మనవలే, చేతులెత్తి మరీ.

తెలుగు ఫెలోషిప్ కావాలంటే ఆదివారం సాయంత్రం వెళ్లండి, పిల్లలకి మన పాటలు వస్తాయి. దానికోసం ఇది వదలక్కర్లేదు.

వచ్చే బోర్డు మీటింగ్‌కి ముందు చేయవలసినవి మీ చేతిలో ఉన్నాయి: పాస్టర్ గారితో ఆ అరగంట, నియమావళి కాపీ, గడిచిన కొన్నేళ్ల జమాఖర్చులు, సమాధుల తోట పట్టా ఎవరి పేరున ఉందో చూడటం. పట్టాలో తోటా గుడీ ఒకే భూమిగా ఉంటే అమ్మకం మాట ముందుకు వెళ్లేలోపే విడదీయించాలి, దానికి లాయర్ని పెట్టాలని మీరే ప్రతిపాదించండి. అది ట్రస్టీగా మీ మొదటి మాట అయితే బాగుంటుంది, అందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. కౌన్సిల్ సభ తేదీ ఖరారైతే మీవారిని కూడా రమ్మనండి. ఆయన పేరు సభ్యుల జాబితాలో ఉంటే, ఓటు హక్కుకి మీ నియమావళి ఇంకేం కోరుతుందో చూసి, అది ముందే సరిచేయించుకోండి.